ఉప్పుటేటి గట్టు, మందు పిట్టలు

మా దానియేలు బాబాయి కూతురు ప్రేమలత మొన్న జనవరిలో మా ఇంటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, పొదిలిలో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. అయినా తన తండ్రి పుట్టిన ఊరు చూడటం ఆమెకి అదే మొదటిసారి. తలకి ఉన్ని టోపీ, మెడలో బైనాక్యులర్. బడిపిల్లల్ని వెంటేసుకుని పిట్టల్ని చూపించడం, పేర్లు నేర్పించడం ఈమధ్య పట్టుకున్న పిచ్చి అట. ఉప్పుటేటి గట్టు మీద నడుద్దాం అక్కా, ఈ చలిలో పిట్టలు బాగా దిగుతాయంట అంది. మోకాళ్ళ నొప్పిని తిట్టుకుంటూ చెప్పులేసుకుని బయల్దేరాను. ఏటి వంతెన దాటీ దాటకముందే, బైనాక్యులర్ కళ్ళ దగ్గర పెట్టుకుని, మొహం నా వైపు తిప్పకుండానే అడిగింది.

"మా నాన్నని పెదనాన్న గొంతు పిసికి చంపాడంట గదా అక్కా. నిజమేనా?"

అరవై దాటితే మనిషికి కోపం తగ్గుతుందంటారు. ఎవరికి తగ్గిందో నాకైతే తెలియదు. ఆ పిల్ల మెడలో బైనాక్యులర్ పీకి ఏట్లోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. ఆమె తప్పేముంది, మేనమామలు ఉగ్గుపాలతో పట్టించిన మాట అది. ఆ మాట మా నాన్న బతికుండగా ఆయన వెనక నడిచింది, ఆయన పెట్టె వెనక సమాధుల తోట దాకా కూడా నడిచింది. పాతికేళ్ళు మా పాలెం పిల్లలకి అ ఆలు దిద్దించిన మనిషి, ఒక్కరోజు బెత్తం పట్టని మనిషి, సొంత తమ్ముణ్ణి చంపినవాడిగా పోయాడు. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, పొదిలిలో ఉన్న ప్రేమలత తల్లి కరుణ పిన్నీ. పిన్ని ఏనాడూ నోరు విప్పలేదు. ఇక నేనే చెప్పాలి. ఆ గట్టు మీద ఆమెకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను, కాస్త తీరిగ్గా.

మాది సింగరాయకొండకి తూర్పున, హైవేకీ సముద్రానికీ మధ్య ఉప్పుటేటి పక్కన ఉన్న క్రైస్తవుల పాలెం. అందరూ కూలిపని వాళ్ళే. మిషన్ బళ్ళో మాస్టారు గనక మా నాన్న సామ్యేలుకి మాత్రం నెలకోసారి జీతం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ మార్తమ్మ. ఆమె తెల్లవారుజామునే లేచి, మంచులో తడిసిన పత్తికట్టెని విరిచి పొయ్యిలో పెట్టి, గొట్టంతో ఊదుతూ ఆ కట్టెనీ దాన్ని తెచ్చినవాళ్ళనీ కలిపి తిట్టేది. ఆ పొగ మామూలు పొగ కాదు. ఆ రోజుల్లో మా వైపు నల్లరేగడి అంతా పత్తి అయిపోయింది, పత్తికి పురుగు, పురుగుకి మందు. చేలో కొట్టిన మందు కట్టెలో మిగిలి, పొయ్యిలో మండి, అన్నంలోకి వాసన వచ్చేది. ఖాళీ అయిన మందు డబ్బాల్ని బూడిదేసి తోమి నాయనమ్మ ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో మిరప్పొడి పోసుకునేది. మూత చక్కగా బిగుస్తుందని ఆమె మెచ్చుకోలు. పాలెంలో ప్రతి ఇంటా అంతే. ఆ వాసన మాకు వాసనగా తెలిసేది కాదు. కాలేజీకని కందుకూరు వెళ్ళి సెలవులకి తిరిగొస్తే, గుమ్మంలోనే ముక్కు మండేది. నాలుగు రోజులకి మళ్ళీ మామూలైపోయేది.

మందు కొట్టడంలో మా దానియేలు బాబాయికి పేరు. నాన్నకంటే చాలా చిన్నవాడు, నాన్న భుజాల మీద ఎక్కి పెరిగినవాడు. చదువు అబ్బలేదు గానీ మనిషి అందగాడు, పాటగాడు, మాటకి ముందు నవ్వు. పంపు వీపుకి తగిలించుకుని పొద్దున చేలో దిగితే మునిమాపు దాకా దించేవాడు కాదు. మిగతా కూలీలు మందుని కర్రతో కలిపితే ఇతను తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు. రైతులు అది చూసి నోరు తెరిస్తే అతనికి సంబరం. "మందు నా ఒంట్లో ఊరిపోయింది వదినా, నన్ను కుడితే పామే చచ్చిద్ది" అని పక్కింటి వాళ్ళతో అంటూ ఒళ్ళు రుద్దుకునేవాడు. ఆ మాటకి నేనూ నవ్విన రోజులున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజుల్లోనే మందు పిట్టలు మొదలయ్యాయి. చలి మొదలు కాగానే ఉప్పుటేటికి ఎక్కడెక్కడి నుంచో నీటిబాతులు దిగేవి, వలలకి చిక్కేవి కావు. ఎవడి బుర్రకి తట్టిందో, పత్తిమందులో నూకలు రాత్రంతా నానబెట్టి, అవి మేసే అంచున చల్లడం నేర్చారు. తెల్లారేసరికి పిట్టలు తాగినట్టు తూలుతుంటాయి. అవి చావకముందే పట్టుకుని మెడ కోసి, రొమ్ము దగ్గర చీల్చి, నూకలున్న తిత్తిని పీకి అవతల పారేయాలి. తిత్తి తీసేస్తే మందు పోయినట్టేనని, నెత్తురు పారిన మాంసంలోకి ఎక్కదని పాలెమంతా నమ్మకం. తిత్తి తర్వాత నూకలు దిగేది కందనకాయలోకి. దాన్ని మాత్రం పారేసేవాళ్ళు కాదు, కార్జంతో పాటు అదే గదా రుచి. అలా కోసిన పిట్టల్ని ఈకలు పీకి హైవే మీద లారీల వాళ్ళకి అమ్మేవాళ్ళు. నాన్నకి ఈ సంగతి తెలిసి క్రిస్మస్ ముందు బాబాయితో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. చివరికి బాబాయి బైబిలు మీద చెయ్యేసి, ఇక ఆ పని చెయ్యనన్నాడు. నాన్న నమ్మాడు. తమ్ముడి మాట ఆయనకి వాక్యంతో సమానం.

కొత్త సంవత్సరం వచ్చింది. గుమ్మాలకి కట్టిన క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా దించలేదు. కరుణ పిన్నికి ఆడపిల్ల పుట్టి పక్షం కూడా కాలేదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి, కానీ పిన్నికి తల్లి లేదు, పొదిలిలో అన్నలు మాత్రమే. వదినెల చేతిలో ఎందుకని నాయనమ్మే ఉంచుకుంది. బాలింత తిన్న తర్వాతే ఇంట్లో ఇంకెవరైనా కంచం ముందు కూర్చోవాలని నాయనమ్మ కట్టుబాటు. మేమంతా ఆకలితో నకనకలాడుతూ పిన్ని ఎప్పుడు చెయ్యి కడుగుతుందా అని చూసేవాళ్ళం. చలికాలపు బాలింతకి నీటిపిట్ట పులుసు పెడితే నడుము గట్టిపడుతుందని, పాలు బాగా పడతాయని కూడా ఆమె అంటుండేది. ఆ మాట బాబాయి చెవిన పడిందని మాకెవరికీ తోచలేదు.

సెలవుల్లో నాన్నా నేనూ శనివారం పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళేవాళ్ళం. ఆయన మఫ్లరు చెవులకి చుట్టుకుని, దాని కొసని పళ్ళ మధ్య పెట్టుకుని నడిచేవాడు. ఉబ్బసం మనిషి, చలిగాలి లోపలికి పోకూడదని. పిట్ట కనపడగానే ముందు పేరు చెప్పినవాళ్ళు గెలిచినట్టు, ఓడినవాళ్ళు హైవే మీద బజ్జీలు కొనిపెట్టాలి. నేను గుడ్డికొంగ అనేలోపు ఆయన మఫ్లరు ఉమ్మేసి నారాయణ పక్షి అనేవాడు. తొండి నాన్నా, అది నేను ముందు చూశాను అంటే, చూడటం కాదమ్మా, చెప్పడం అనేవాడు. ఆ రోజు గడ్డకట్టే చలి. పొగాకు కాల్చే బారెన్ల నుంచి కమ్మగా ఘాటు వాసన వస్తోంది. ఏటి మీద మంచు ఇంకా విడలేదు. లకుముకి పిట్ట దగ్గర ఆయన గెలిచాడు, తీతువు దగ్గర నేను గెలిచాను. తర్వాత కనపడింది గద్ద. గట్టు మీద రెక్కలు పరుచుకుని బోర్లా పడి ఉంది. పేరు ఎవరమూ చెప్పలేదు.

నాన్న కాలితో తిప్పి చూశాడు. ముక్కు నుంచి నురగ. కొంచెం ముందు కాకులు, ఒకటి ఇంకా కొట్టుకుంటోంది. ఇంకాస్త ముందు మా పాలెం కుక్క పక్కకి పడి కాళ్ళు తన్నుకుంటోంది, దాని మూతి దగ్గర ఎవరో పారేసిన పిట్ట తిత్తి. మంచు తెరలోంచి నీళ్ళ అంచు చూశాక నా కాళ్ళు ఆగిపోయాయి. బురద నిండా బాతులు. కొన్ని మెడ వెనక్కి విరుచుకుని గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒకటి ఎగరబోయి వీపు మీద పడి రెక్కలతో బురద కొట్టుకుంటోంది. బొల్లికోళ్ళు నీళ్ళలో తల ముంచి మళ్ళీ ఎత్తలేకపోతున్నాయి. ఏ శబ్దమూ లేదు, రెక్కలు బురదకి తగిలే చప్పుడు తప్ప. నాన్న పంచె ఎగగట్టుకుని నీళ్ళలోకి దిగి ఒకదాన్ని ఎత్తుకున్నాడు. అది ఆయన అరచేతిలో నూకలు కక్కి, వణికి, చచ్చిపోయింది. ఆ నూకల్ని వాసన చూసిన ఆయన మొహం నేను అంతకుముందు ఎరగను.

తుమ్మచెట్టు చాటున బాబాయి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో కొడవలి, మోచేతుల దాకా నెత్తురు. పక్కన తలల కుప్ప ఒకటి, తలల్లేని పిట్టల కుప్ప ఒకటి. ఎంత వేగంగా కోస్తున్నాడంటే, మెడ తెగిన పిట్ట ఇంకా ఒడిలో తన్నుకుంటుండగానే చెయ్యి ఇంకోదాని మీదికి పోతోంది. మమ్మల్ని చూసి కొడవలి దించాడు గానీ సిగ్గుపడలేదు. నాన్న చేతిలో చచ్చిన బాతుని అతని ఒళ్ళోకి విసిరాడు.

"దేవుడి పుస్తకం మీద చెయ్యేశావు గదరా."

బాబాయి తల గోక్కున్నాడు. పిల్ల పుట్టింది, ఇంట్లో అందరూ పిన్నికి ఏదో ఒకటి చేస్తున్నారు, తను మాత్రం చేతులు ముడుచుకు కూర్చోవాలా అన్నాడు. మామూలు మనిషికి కాదు, కోతగాడికి కావాలి ఈ పని, తను కోస్తే చుక్క మందు మిగలదు అని గొప్ప. తర్వాత, అదేదో మమ్మల్ని సంతోషపెట్టే మాటన్నట్టు నవ్వుతూ చెప్పాడు.

"లావుపాటివి రెండు పొద్దున్నే అమ్మకిచ్చొచ్చా అన్నయ్యా. ఈపాటికి పులుసు ఉడికిపోయుంటది."

ఎవరికిరా అన్నాడు నాన్న.

"ఎవరికేంది? కరుణకి. కందనకాయలు కూడా దానికే పెట్టమన్నా."

నాన్న పరిగెత్తబోయాడు. నాలుగడుగులకే ఉబ్బసం పట్టేసి గట్టు మీద వంగిపోయాడు. మాట రాలేదు, నన్ను చూసి చేత్తో ఇంటి వైపు తోశాడు. నేను పరిగెత్తాను. చెప్పులు బురదలో ఉండిపోయాయి. గట్టు తోవ చుట్టుతిరుగుడని మిరపచేలకి అడ్డం పడ్డాను. కాయ కోస్తున్న ఆడవాళ్ళు తోట తొక్కుతున్నానని తిట్టారు, ఒకామె మట్టిగడ్డ విసిరింది. ఆ పక్క పత్తి చేలో కట్టెలు కొరికినట్టు కాళ్ళని గీరాయి. నాకు ఒకటే లెక్క. బాలింత తింటే గానీ ఎవరూ తినరు. ఇంట్లో మొదటి ముద్ద ఆమెదే. ఆమె తింటే ఆ పాలు తాగేది ఈ పిల్ల. ప్రభువా, పిన్నికి ఆకలి లేకుండా చెయ్యి, పిల్ల ఏడ్చేట్టు చెయ్యి, పులుసు మాడిపోయేట్టు చెయ్యి అని ఏవేవో మొక్కుకుంటూ పరిగెత్తాను. వెనకాల బాబాయి కేకలు వినపడుతూనే ఉన్నాయి, ఎందుకే అట్టా పరిగెత్తుతున్నావని.

వంటింటి వసారాలో పిన్ని చాప మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చెవుల్లో దూది, తలకి గుడ్డ. పక్కన పిల్ల నిద్రపోతోంది. కంచంలో వేడన్నం, ఎర్రగా పులుసు. ముద్ద కలిపి, వేడికి ఊదుతూ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. అరిస్తే ఆగుతుందేమో అని ఆలోచించే తీరిక నాకు లేదు. వసారా మెట్టు మీంచే ఒక్క తన్ను తన్నాను. నా కాలు ఆమె చేతికీ కంచానికీ కలిపి తగిలింది. కంచం ఎగిరి గోడకి కొట్టుకుంది. కాగే పులుసు పిన్ని మోచేతి మీదా నాయనమ్మ పాదాల మీదా పడింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. బాలింత నోటి కాడి కూడు కాలితో తన్నిన ఆడదాన్ని నాయనమ్మ తన జన్మలో చూసి ఉండదు. పొయ్యిలో మండే పత్తికట్టె లాగి నా వీపు మీద కొట్టింది. ఒకసారి కాదు, నేను మందు, మందు అని అరుస్తున్నా ఆగలేదు. ఆ వాతలు ఇప్పటికీ నా వీపు మీదున్నాయి. గట్టు మీద రవిక జరిపి ప్రేమలతకి చూపించాను.

అంతలో బాబాయి వచ్చాడు, అతని వెనక గోడ పట్టుకుంటూ నాన్న. నేల మీద చిమ్మిన అన్నం చూసి బాబాయి మొహం మారిపోయింది. నన్ను చెంప మీద కొడితే పొయ్యిగడ్డ మీద పడ్డాను. తన పెళ్ళానికి తన చేత్తో తెచ్చిన కూర అది. తన కోతమీద, తన పనితనం మీద నమ్మకం లేదని పాలెమంతటి ముందూ చెప్పినట్టు అయింది అతనికి. రోజూ మందులో చేతులు పెట్టేవాడికి పిట్ట కూరలో ఏం ఉంటుంది, చదువుకున్నోళ్ళకి అన్నీ భయాలే అని తిట్టాడు. నాన్న గోడకి ఆనుకుని, ఊపిరి అందక, వద్దురా వద్దురా అని మాత్రం అంటున్నాడు. బాబాయి కుండ మూత తీశాడు.

"చూడు అన్నయ్యా. నీ కళ్ళ ముందే తింటా."

కందనకాయలు ఏరుకున్నాడు. రెండూ. కార్జం ముక్కలు కూడా. నాన్న కళ్ళలోకి చూస్తూ నమిలాడు, నవ్వుతూ మింగాడు.

నాన్న గోడ వదిలి అతని మీద పడ్డాడు. ఉబ్బసం మనిషికి ఆ బలం ఎక్కడిదో తెలియదు. వెల్లకిలా పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టి, ఒక చేత్తో దవడ నొక్కి, రెండో చేతి వేలు గొంతులోకి పెట్టాడు. కక్కు అన్న మాట కూడా ఆయన నోట రాలేదు, ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. బాబాయి తన్నుకున్నాడు, ఆయన మొహం మీద గుద్దాడు, చివరికి ఆ వేలుని ఎముక దాకా కొరికాడు. నాన్న తియ్యలేదు. నాన్న చొక్కా చేతులు నెత్తురు, బాబాయి మూతి నెత్తురు. కేకలకి వచ్చిన జనం కంచె మీంచి చూసింది అదే. మాస్టారు తమ్ముడి రొమ్ము మీద కూర్చున్నాడు, చెయ్యి గొంతు దగ్గర ఉంది, తమ్ముడి నోట్లోంచి నెత్తురు కారుతోంది. ఆ నెత్తురు ఎవరిదో వాళ్ళకెట్టా తెలుస్తుంది? నలుగురు దూకి నాన్నని ఈడ్చి అవతల పడేశారు. నేను చెప్పేది వినే నాథుడు లేడు.

బాబాయి లేచి కూర్చున్నాడు, ఉమ్మేశాడు. కక్కలేదు. మూతి తుడుచుకుని, చూశారా, నాకేమన్నా అయిందా అని అందరినీ అడిగాడు. బీడీ వెలిగించాడు. పిన్ని కాలిన చెయ్యి ఊదుకుంటూ అతన్నే చూస్తోంది. బీడీ సగం కూడా కాలకముందే చెమట పట్టింది. ఆ చలిలో, ఒళ్ళంతా. తర్వాత చొంగ, తర్వాత చేతులు వాటంతట అవే ఎగరడం మొదలైంది. పొద్దున బురదలో చూసిందే మళ్ళీ చూశాను. బాతుల్లాగే మెడ వెనక్కి విరుచుకుపోయింది. అప్పుడు మాత్రం జనం కదిలారు. తిత్తి తీసిన పిట్టలో మందు ఉండదని నమ్మినవాళ్ళు గదా, అదంతా మాస్టారు గొంతు పిసికినందుకేనని అప్పుడే అనేసుకున్నారు. మంచంతో సహా హైవే దాకా మోసుకెళ్ళి, చీమకుర్తి రాయి ఎక్కడో దించొచ్చి ఒంగోలు వైపు తిరిగిపోతున్న లారీని ఆపి ఎక్కించారు. నాన్న తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పచ్చి బాలింత కదా, వద్దన్నా వినకుండా పిన్ని పిల్లని ఎత్తుకుని ఎక్కింది. టంగుటూరు దాటకముందే బాబాయి పోయాడు.

ఇంటి దగ్గర నేనూ నాయనమ్మే మిగిలాం. చిమ్మిన అన్నం ఎత్తాలన్న ధ్యాస ఎవరికీ లేదు. నాయనమ్మ కోళ్ళు వసారాలోకి వచ్చి ఆ మెతుకులు ఏరుకు తిన్నాయి. ఆమె నన్ను తిడుతూనే ఉంది. మొదటి కోడి పక్కకి ఒరిగింది. తిట్లు ఆగాయి. ఒకదాని తర్వాత ఒకటి వసారాలో, వాకిట్లో, పొయ్యి పక్కన పడి రెక్కలు కొట్టుకుంటుంటే నాయనమ్మ వాటిని చూస్తూ కూర్చుంది. పులుసు వండిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. సాయంత్రం తనే గుంట తవ్వి కోళ్ళనీ కుండనీ కలిపి పూడ్చింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పబోతే, నీ నోరు ముయ్యవే, దాన్ని వండింది నేను అంది. నాన్న మర్నాడు శవంతో తిరిగొచ్చాడు. కొరికిన వేలికి ఒక గుడ్డ పీలిక చుట్టి ఉంది, నీలం అంచు చీరాల చీర పీలిక. ఎవరిదని నేను అడగలేదు, అడిగే రోజు కాదు అది.

సమాధి చేసిన మూడో నాడు పొదిలి నుంచి పిన్ని అన్నలు కర్రలతో వచ్చారు. బడి ముందే, పిల్లలు చూస్తుండగానే నాన్నని కొట్టారు. ఆయన ఒక్క చెయ్యి అడ్డం పెట్టలేదు. కళ్ళజోడు పగిలి చెవికి వేలాడుతుంటే, తమ్ముణ్ణి చంపావు గదరా అని వాళ్ళు అడిగితే, లేదు అనలేదు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఊపాను, చెప్పు నాన్నా, చెప్పవేం అని ఏడ్చాను. నన్ను పక్కకి నెట్టాడు. వాళ్ళు పిన్నినీ పిల్లనీ తీసుకుని వెళ్ళిపోయారు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తితే ఆయన మఫ్లరు కొస నోట్లో పెట్టుకుని ఊరుకునేవాడు. వేలు వంకరపోయి సుద్దముక్క పట్టుకోవడానికి ఇబ్బంది పడేవాడు. గట్టు మీదికి మళ్ళీ వెళ్ళలేదు. నేను ఆయన్ని ఎంత ప్రేమించానో, ఆ మౌనానికి అంత ద్వేషించాను కూడా. ఇదీ నేను ప్రేమలతకి చెప్పింది.

మేము నడుస్తున్న గట్టు అప్పటిది కాదు. అటూ ఇటూ రొయ్యల చెరువులు, చెరువుల మీద దారాల వలలు, ఆ వలల్లో చిక్కుకుని ఎండిపోయిన నీటికాకులు. కొంగ వాలితే చాలు, కాపలావాడు టపాకాయ పేలుస్తున్నాడు. పేలినప్పుడల్లా ఏటి మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచి మళ్ళీ దిగుతున్నాయి. వంతెన మీద కెమెరాల వాళ్ళు కారు ఆపుకుని వాటి ఫోటోలు తీసుకుంటున్నారు, ఎంత బాగా ఎగురుతున్నాయో అని. అప్పటి మందు పేరు ఇప్పుడు కొట్టులో అడిగితే లేదంటారు, వేరే పేరుతో వేరేది ఇస్తారు. ఆ రోజుల్లో మేము ఏం చేస్తున్నామో తెలియక చంపాం. ఇప్పుడు తెలిసే చంపుతున్నాం. నాకు ఇంతకంటే పెద్ద తేడా కనపడలేదు.

ప్రేమలత ఫోన్ తీసింది. తల్లికి చేసి, గట్టిగా వినపడేట్టు పెట్టింది. గట్టు మీద సువార్తక్కతో ఉన్నానని, అక్క ఇట్టా చెప్పిందని, ఇది నిజమా అని అడిగింది. టపాకాయ ఒకటి పేలింది. తర్వాత కరుణ పిన్ని గొంతు, ముసలిదైపోయింది గానీ అదే గొంతు.

"సువార్తా, ఆ వేలికి గుడ్డ కట్టింది నేనేనే. లారీలో నా చీర చించి కట్టా."

ఆ వేలికి ఆ గాటు ఎలా పడిందో కళ్ళారా చూసి, కట్టు కట్టి, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అరిచాను. ఏటి మీది పిట్టలు లేచేంతగా అరిచాను. పిన్ని నన్ను ఆపలేదు, అంతా విని అప్పుడు చెప్పింది. బాబాయి ఊపిరి పోయాక లారీలో పిల్ల ఏడుస్తోందట. పిన్ని దాన్ని చూసి, పుట్టగానే తండ్రిని మింగావు గదే అందట. అప్పటిదాకా తమ్ముడి మొహమే చూస్తున్న నాన్న తలెత్తాడట.

"'ఆ మాట ఇంకోసారి అనకమ్మా. తన తల్లి బాలింతని తెచ్చిన కూర తిని తండ్రి చచ్చాడని తెలిస్తే ఈ పిల్ల ఎట్టా బతికిద్ది? నేనే చంపానని చెప్పు. నేను మోస్తాలే' అన్నాడు బావ. నా దగ్గర ఒట్టేయించుకున్నాడే. మా అన్నలు కొట్టొచ్చామని చెప్పిన రోజు ఈ పిల్లని గుండెకి అదుముకుని కూర్చున్నా. ఏం చెయ్యమంటావు?"

ఫోన్ ఆగిపోయింది. ప్రేమలత గట్టు మీద, తడి గడ్డిలోనే కూలబడింది. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. కన్న కూతుర్ని నేను, ఆయన పక్కన నడిచిన దాన్ని, నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేనూ మోసేదాన్ని గదా. చూడటం కాదమ్మా, చెప్పడం అని నాకు నేర్పిన మనిషే, తను మాత్రం చెప్పకుండా పోయాడు. ఏటి వైపు తిరిగి ఆయన్ని పేరు పెట్టి తిట్టాను. కాస్త దూరంలో పొడుగ్గా, బూడిదరంగుగా, మెడ ముడుచుకుని ఏదో నిలబడి ఉంది. ప్రేమలత ముక్కు తుడుచుకుని అదేంటక్కా అని అడిగింది. నారాయణ పక్షి అని చెప్పాను.